పెద్ద గుండీలు

అక్టోబరు 19

అక్కకి,

కవరు మీద నా రాత చూసి ఎవరో పోయారని కంగారు పడకు. ఎవరూ పోలేదు. అమ్మకి పక్షవాతం వచ్చింది. నలభై రోజులైంది. కాలు కొంచెం తిరిగింది, గోడ పట్టుకుని హాల్లోంచి వంటింటి దాకా నడుస్తోంది. కుడి చెయ్యి మాత్రం కదలడం లేదు. మాట కూడా పోయింది. రోజంతా కలిపి ఒకటో రెండో ముక్కలు వస్తాయి, అవీ అర్థం కావు.

ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. ఈ ఇంట్లో నీ ఊసెత్తనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. ఆవిడ నోరు పడిపోయింది కదా అని ఒట్టు తీసి గట్టు మీద పెట్టే రకం కాదు నేను. ఇప్పుడు పెట్టక తప్పడం లేదు.

పడిపోయే నాటికి అమ్మ ఒక స్వెటర్ అల్లుతోంది. వెనక భాగం, ముందు రెండు భాగాలు, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి ఇంకో జానెడు ఉందనగా ఆగిపోయింది. సూదులు దానికే ఉన్నాయి. పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుంటుంది, ఎడం చేత్తో సూది లాగుతుంది, కుట్లు జారిపోతాయి, విసిరికొడుతుంది. రోజూ ఇదే. మా వీధి చివర అల్లికలు నేర్పే ఆవిడకిస్తే, "ఈ బిగువు నాకు రాదమ్మా, అతుకు తెలిసిపోతుంది" అని తిప్పి పంపేసింది. అమ్మ బిగువు వచ్చింది నీ ఒక్కదానికే. నేను సూదులు పడితే ఏమవుతుందో నీకు తెలుసు.

అందుకే పార్సిల్లో పంపుతున్నాను. పూర్తి చేసి పంపు. బతిమాలడం లేదు, అడుగుతున్నాను. ఎవరికని అమ్మ చెప్పలేదు గానీ నాకేలే. నా పాతది మోచేతుల దగ్గర చిరగడం పోయిన చలికాలమే చూసింది.

ఫోన్ మాత్రం చెయ్యకు. మనం ఫోన్లో మాట్లాడుకుంటే ఎలా ఉంటుందో ఇద్దరికీ గుర్తే.

చెల్లి


అక్టోబరు 25

చెల్లెమ్మగారికి,

నలభై రోజులా! పాలవాడికి తెలుసు, పేపరు వేసేవాడికి తెలుసు, అల్లికలు నేర్పే ఆవిడకి తెలుసు. కడుపున పుట్టినదాన్ని, నాకు మాత్రం చెయ్యి అల్లడానికి మనిషి దొరక్కపోతే తెలిసింది. అల్లికల ఆవిడకి ఆ బిగువు వచ్చి ఉంటే ఈ ఉత్తరం కూడా వచ్చేది కాదన్నమాట.

నీ ఉత్తరం కొట్లోనే చదివాను. నేనిప్పుడు డ్రైక్లీనింగ్ కొట్లో పని చేస్తున్నానని నీకు తెలీదు కదా, ఎలా తెలుస్తుంది, అడిగితే కదా. వెనక గదిలో కుట్టు మిషను నాది. చిరిగిన జేబులు, ఊడిన గుండీలు, తెగిన జిప్పులు నా పని. చదివేసి కత్తెర బల్లకేసి కొట్టాను. ఇస్త్రీ చేసే ఆయన ఉలిక్కిపడి, "ఎవరి మీదమ్మా?" అన్నాడు. "మా వాళ్ళ మీద" అన్నాను. "అయితే కత్తెర చాలదులే" అని మళ్ళీ ఇస్త్రీ చేసుకున్నాడు.

మా ఆయన ఉత్తరం చదివి, "వెళ్దామా?" అన్నాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఇంటికి రంగులు వెయ్యడానికొచ్చిన పెయింటర్ని చేసుకున్నానని ఆయనకి 'నిచ్చెన' అని పేరు పెట్టింది అమ్మ. పెళ్ళయిన నెలకి ఇద్దరం వస్తే తలుపేసింది. మెట్ల మీద మూడు గంటలు నిలబడ్డాం. తొమ్మిదేళ్ళయింది, నా కాళ్ళకి ఆ నొప్పి ఇంకా గుర్తుంది. నువ్వు కిటికీ సందులోంచి చూశావు. నువ్వు కనపడలేదనుకుంటున్నావేమో, కనపడ్డావు.

పార్సిల్ అందింది. ప్రతి వరసలో మొదటి కుట్టు అల్లకుండా జారవిడుస్తుంది అమ్మ, అంచు తాడు పేనినట్టు నిలవాలని. ఆ అంచు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మళ్ళీ కోపం వచ్చింది.

పూర్తి చేస్తాను. నీ కోసమూ కాదు, ఆవిడ కోసమూ కాదు. సగంలో ఆగిన పని నేను చూడలేను, అంతే. అమ్మ లెక్కలు రాసుకునే నోటుపుస్తకం పంపు.

ఇంకొకటి. అమ్మ నన్ను అడిగిందా? అవునో కాదో రాయి చాలు. అంతమాత్రానికి ఒట్టేమీ అడ్డం రాదు.

నీ అక్క (అని నీకు గుర్తుంటే)


నవంబరు 2

అక్కకి,

అడగలేదు. అవునో కాదో రాయమన్నావు, రాశాను.

కిటికీ సంగతి. అవును, చూశాను. అమ్మ గొళ్ళెం మీద చెయ్యి వేసి తలుపుకి ఆనుకుని నిలబడింది, మీరు నిలబడినంతసేపూ. నేనెలా తియ్యను? నువ్వు వెళ్ళిపోయి తిట్లు తప్పించుకున్నావు. లోపల ఉండి వాటిని తిన్నది నేను.

నోటుపుస్తకం పంపను. అమ్మ వస్తువులు ఒక్కోటీ గడప దాటడం మొదలైతే ఇక ఆగదు. నీకు కావల్సిన లెక్కలు కాయితం మీద ఎక్కించి పంపుతున్నాను. చెయ్యి భుజం నుంచి కిందికి 112 వరసలు. మునిసిపల్ ఆఫీసులో పదేళ్ళుగా జనన మరణాల రిజిస్టరు రాస్తున్నాను. ఒక్క అంకె తప్పు పోలేదు.

ఇక గుండీలు. కాజాలు ఏడున్నాయి గానీ గుండీలు అమ్మ కొనలేదు. కసరత్తు చేయించడానికొచ్చే అమ్మాయి, "ఆవిడతోనే ఎంచుకోనివ్వండి, బుర్రకి పని" అంది. ఆ అమ్మాయి ఒక చెక్క తెచ్చింది, దాని మీద గుడ్డ, గుండీలు, కాజాలు. ఎడం చేత్తో గుండీలు పెట్టి తియ్యాలి. అమ్మ దాన్ని రెండుసార్లు కిందకి తోసేసింది.

నల్లవి ఏడు కొని పళ్ళెంలో పెట్టాను. అమ్మ వాటిని చూసి, నన్ను చూసి, పళ్ళెం పక్కకి నెట్టి, "పెద్దది" అంది. స్పష్టంగా. ఇన్నాళ్ళలో అంత శుభ్రంగా వచ్చిన మాట ఇదే. మీ మరిది కూడా లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు. సాయంత్రం పెద్దవి తెచ్చాను. వాటినీ నెట్టేసి మళ్ళీ "పెద్దది" అంది. గుండీలైతే 'పెద్దవి' అనాలి కదా అనకు, నోరు తిరగడమే మహాభాగ్యం. మీ కొట్లో ఇంకా పెద్దవి ఉంటే చూడు.

చెల్లి


నవంబరు 9

రిజిస్టరుగారికి,

రెండో చెయ్యి అయిపోయింది. అమ్మ ఎక్కడ ఆపిందో నేనెక్కడ మొదలెట్టానో కనిపెట్టినవాళ్ళకి నా సూదులిచ్చేస్తాను.

కానీ ఒక మాట. అమ్మకి జబ్బు ఆ రోజు రాలేదే, అంతకు ముందే వచ్చింది. నువ్వు పక్కనే ఉండి చూసుకోలేదు. కాజాలు ఎడమ వైపు అల్లింది! మగవాళ్ళకి ఎడమ, ఆడవాళ్ళకి కుడి. ఈ ముక్క నాకు నేర్పిందే ఆవిడ. పన్నెండేళ్ళప్పుడు నేను ఎడమ వైపు అల్లితే సూదితో వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. అలాంటి మనిషి కూతురి స్వెటర్‌కి ఎడమ వైపు పెట్టిందంటే అప్పటికే ఎంత అయోమయంలో ఉందో. రెండు పట్టీలూ విప్పేసి కాజాలు కుడి వైపుకి మార్చాను. రెండు సాయంత్రాలు పట్టింది.

చేతులు 112 వరసలేమిటి? నీ చేతులు నాకు తెలీవా? నీ చొక్కాల చేతులన్నీ లోపలికి మడిచి కుట్టింది నేనే. అమ్మ అల్లిన చేతికి పద్దెనిమిది వరసలు విప్పేశాను, నేనల్లేది అక్కడికే ఆపేశాను. తప్పు పోదన్నావు, ఏ అంకె చూసి ఏ అంకె ఎక్కించావో. పొడుగు చూస్తే నీకు తొడల దాకా వస్తుంది. దాన్ని మాత్రం ఫ్యాషన్ అనుకో.

పెద్దవీ పెద్దవీ అని గంతులెయ్యకు. ఈ కాజాలో దూరేది చిటికెన వేలి గోరంత గుండీ. నువ్వు చెప్పేవి పరుపులకి కుట్టేవి. మా కొట్లో కోట్లు పోయినా గుండీలు మిగిలిపోతాయి, సీసాలు నిండా ఉన్నాయి. పన్నెండు రకాలు ఏరి, అట్టముక్క మీద నీలం దారంతో వరసగా కుట్టి పంపుతున్నాను. వీటిలో ఒకటి చూపించమను.

నన్ను అడిగిందా? ఇప్పుడు మాట వస్తోంది కదా.

అక్క


నవంబరు 17

అక్కకి,

నేను అంకె తప్పు రాయలేదు. నోటుపుస్తకం తీసి మళ్ళీ చూశాను. నూట పన్నెండే. నా చేతులు పొట్టివని నువ్వు ఊరంతా చాటక్కర్లేదు. అమ్మని నేను సరిగా చూసుకోలేదన్న మాట మాత్రం నేను మర్చిపోను. స్నానం చేయించేది నేను. జుట్టు దువ్వేది నేను. ఆఫీసుకి వెళ్తూ పక్కింటి ఆవిడని బతిమాలుకునేది నేను. ఎక్కడో కూర్చుని కాజాలు లెక్కపెట్టి జబ్బు ఎప్పుడొచ్చిందో చెప్పేస్తావేం?

అట్టముక్క ఇచ్చాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. ఆ నీలం దారాన్ని వేలితో రాస్తూ కూర్చుంది. "ఏది కావాలమ్మా?" అంటే "పెద్దది" అని ఏడుపు. అట్ట మీద అన్నిట్లోకీ పెద్దదాన్ని చూపించాను. నా చేతి మీద కొట్టింది. ఇంకేం చెయ్యను? ఓవర్‌కోటు గుండీలు ఏడు కొని పంపుతున్నాను. బజార్లో ఇంతకంటే పెద్దవి లేవు. కాజాలు విప్పి పెద్దవి చెయ్యి. ఆవిడకేం కావాలో అది కుట్టు, నీకేం నచ్చుతుందో అది కాదు.

అడగలేదక్కా. అది మళ్ళీ మళ్ళీ రాయాలంటే నాకు మాత్రం బాగుంటుందా? ఆవిడకి వచ్చింది ఒకే మాట, అదీ గుండీల గురించి. మీ ఆయన గురించీ లేదు, నీ గురించీ లేదు. ఇక అడగడం మానెయ్.

నేనొకటి చెప్పనా? అమ్మ నా కోసమని అల్లిన మొదటి స్వెటర్ ఇది. చిన్నప్పట్నుంచీ నీకు బిగుతైనవే నాకు. అల్లిక నీకు నేర్పింది, నాకు నేర్పలేదు. ఈ ఒక్కదాన్నైనా పాడుచెయ్యకుండా పంపు.

చెల్లి


నవంబరు 24

చెల్లికి,

నీ ఓవర్‌కోటు గుండీలు తిప్పి పంపుతున్నాను. వాటిని ఇస్త్రీ ఆయనకి చూపిస్తే, "ఇవి గుండీలామ్మా, గిన్నెల మీద మూతలా?" అన్నాడు. వీటికి కాజా అల్లితే అది స్వెటర్ కాదు, వల. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనడం అమ్మ నుంచి నీకు బాగానే వచ్చింది, అల్లిక రాకపోయినా.

స్వెటర్ పూర్తయింది. గుండీ సంగతి తేలేదాకా నా దగ్గరే ఉంటుంది. చేతులు తగ్గించగా మిగిలిన ఉన్నితో ఒంటి గ్లవ్ అల్లాను, కుడి చేతికి. ఇస్త్రీ ఆయన వాళ్ళ నాన్నకి కూడా ఇలాగే అయిందట, కదలని చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేదట. వేళ్ళు వంగవు కాబట్టి వెడల్పుగా అల్లాను. తొడుగు. ఎవరల్లారో చెప్పకు.

ఇక నిన్ను అడగను. నాకే సిగ్గుగా ఉంది, గుమ్మం ముందు చెయ్యి చాపినట్టు. కానీ ఈ కింద రాసింది మాత్రం ఆవిడకి చదివి వినిపించు. తిరిగి తిట్టలేదు కదా ఇప్పుడు, విననీ.

"అమ్మా. తొమ్మిదేళ్ళుగా నిన్ను లోపల్లోపల తిడుతూనే ఉన్నాను. మిషను తొక్కుతూ తిట్టాను, బట్టలు ఆరేస్తూ తిట్టాను. నిచ్చెన అన్నావు. ఆ నిచ్చెన నన్ను ఏ రోజూ కింద పడనివ్వలేదు. నువ్వు తలుపు తియ్యకపోయినా నిన్ను ఒక్క మాట అనలేదు, నన్నూ అననివ్వలేదు. అదే నాకు మండుతుంది. నీకు మాట వచ్చిందట. వచ్చిన ఒక్క మాటా గుండీలకి పెట్టుకున్నావు. నీ కూతురి కంటే గుండీలెక్కువా? నీ స్వెటర్ నీ బిగువులోనే అల్లాను. చూసుకో. తప్పుంటే వేళ్ళ మీద కొట్టు."

ఇంతే. ఇక రాయను.

అక్క


డిసెంబరు 1

అక్కా,

నేనొక మొద్దుని. కాదు, మనిద్దరం మొద్దులం. ముందు నన్ను తిట్టుకో, తర్వాత చదువు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. గ్లవ్ తొడిగాను. తర్వాత నువ్వు రాసింది చదివాను. పుండు మీద కారం చల్లినట్టు ఉంటుందని మధ్యలో ఆపబోతే ఎడం చేత్తో నా చీర కొంగు పట్టుకుని లాగింది, చదవమని. "తప్పుంటే వేళ్ళ మీద కొట్టు" దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కాయితం నా చేతిలోంచి తీసుకుని నీ అక్షరాల మీద వేలు పెట్టి, "పెద్దది" అంది.

గదిలో ఒక్క గుండీ లేదక్కా. పళ్ళెం వంటింట్లో ఉంది. అట్టముక్క అలమరలో ఉంది.

"అక్కనా అమ్మా?" అన్నాను. తల ఊపింది. "అక్కనే అడుగుతున్నావా ఇన్నాళ్ళూ?" అన్నాను. అలా ఊపుతూనే ఉంది.

నువ్వు వెళ్ళాక నిన్ను 'అది' అనే అనేది, తప్పనిసరైతే. పెద్దది, చిన్నది అని ఈ ఇంట్లో పిలిచి తొమ్మిదేళ్ళయింది. నేను చిన్నదాన్నని నేనే మర్చిపోయాను. 'పెద్దవి' అనలేకపోతోందని జాలిపడ్డాను. ఆవిడ సరిగ్గానే అంది. రోజూ అంది. నేను రోజూ నీకు 'అడగలేదు' అని రాశాను.

అప్పుడు నోటుపుస్తకం తీశాను. నేను అంకెలున్న పేజీయే చూశాను, అదే ఎక్కించాను. ఆ పేజీ వెనక్కి తిప్పితే అమ్మ రాత: "నిచ్చెనకి. కాజాలు ఎడమ. గుండీలు ఏడు. ఏవి కుట్టాలో పెద్దదాన్ని అడగాలి."

అదీ సంగతి. ట్రంకు పెట్టె అడుగున ఒక మగవాళ్ళ చొక్కా దొరికింది. చేతుల నిండా రంగు మరకలు. మనింటికి రంగులేసినప్పుడు బావ మేకుకి తగిలించి మర్చిపోయిన చొక్కా. కొలత దాని నుంచి తీసుకుంది. టేపు పెట్టి చూశాను, నూట పన్నెండు వరసలు అక్కడికి సరిపోతాయి.

కాబట్టి స్వెటర్ నాది కాదు. కోపం రాలేదని అబద్ధం చెప్పను. పళ్ళెంలో గుండీలన్నీ దొడ్లో పారేసి వచ్చాను. ఆవిడ పక్కన ఉన్నది నేను, అల్లింది మాత్రం తను మొహం మీద తలుపేసిన అల్లుడికి. తర్వాత వెళ్ళి ఏరుకొచ్చాను. ఒకటి దొరకలేదు.

ఆ పద్దెనిమిది వరసలూ మళ్ళీ అల్లడానికి ఉన్ని కావాలంటావు. ఆ రంగు కొట్లో లేదు, అడిగాను. గ్లవ్ విప్పుదామని చూశాను. అమ్మ ఇవ్వడం లేదు. స్నానానికి కూడా తియ్యనివ్వడం లేదు.

రా అక్కా.

చిన్నది


డిసెంబరు 5

చిన్నదానికి,

నీ ఉత్తరం చదివి మిషను మీద తల పెట్టి ఏడ్చాను. ఇస్త్రీ ఆయన కత్తెర తీసి దూరంగా పెట్టాడు.

నీ మీద కోపం లేదనుకోకు, ఉంది. కానీ నా మీద ఉన్నంత లేదు. మా ఆయన చొక్కాలు రోజూ నా చేత్తో ఉతికి, పిండి, తీగ మీద ఆరేస్తాను. ఆ చేతుల పొడుగు నా కళ్ళ ముందే వేలాడుతూ ఉంటుంది. అయినా గుర్తుపట్టలేదు. అమ్మ తప్పు చేసింది, ఆ తప్పు నేను దిద్దాలి అన్నదాని మీదే ఉంది నా మనసంతా. ఆవిడ జన్మలో మొదటిసారి ఒక్క మెట్టు దిగింది. అది నేను సూది పెట్టి విప్పేశాను.

కాజాలు ఎడమ వైపుకి మార్చేశాను. చేతులకి ఉన్ని లేదు, లేకపోతే పోయింది. గ్లవ్ ముట్టుకోకు. ఆయన తొడుక్కుంటే మణికట్లు నాలుగు వేళ్ళు బయట ఉన్నాయి. అద్దంలో చూసుకుని, "రంగులేసేవాడికి ఇదే మంచిది, అంచులకి అంటదు" అన్నాడు. ఈ మనిషికి కోపం ఎప్పుడు వస్తుందో నాకు తెలీదు.

ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాం. గుండీలు ఎంచాను. అట్టలో మూడోది, ముదురు గోధుమ రంగు, నాలుగు రంధ్రాలు. అడగాలనుకుంది కదా, చెప్పాను. ఏడూ కుట్టేశాను. స్వెటర్ ఆయన ఒంటి మీదే వస్తుంది, గుండీలు పెట్టుకోకుండా.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. బెల్ కొడితే నువ్వు పరిగెత్తుకు రాకు. కిటికీ దగ్గరా ఉండకు. గోడ పట్టుకుని ఆవిడే రావాలి. గొళ్ళెం వేసిన మనిషే తియ్యాలి. నా కోపం తీరలేదు, స్వెటర్ ఇస్తే తీరేది కాదు. తర్వాత ఆ గుండీలు ఆయనకి ఆవిడే పెట్టాలి, ఎడం చేత్తో, ఏడూ. ఆ కసరత్తు అమ్మాయి చెక్క అవతల పారెయ్. ఎంతసేపు పట్టినా నువ్వు సాయం చెయ్యకు, నేనూ చెయ్యను. ఆయన నిలబడతాడు. ఆ గుమ్మంలో నిలబడటం ఆయనకి అలవాటే.

నీకు ఎరుపంటే ఇష్టం, ఇప్పటికీ అంతేనా? ఏదైనా సరే, ఎర్ర ఉన్ని కొన్నాను. వెనక భాగం మొదలెట్టాను. కాజాలు కుడి వైపు. చేతులు తొంభై నాలుగు వరసలు, నోటుపుస్తకం అక్కర్లేదు.

పెద్దది